ఎలక్ట్రాన్‌ ఆగిన చోటే కెరియర్‌ మొదలు!

అమరావతి క్వాంటమ్‌ వేలీ మాట మొదలైనప్పటి నుంచి గుంటూరు, ఒంగోలు, బాపట్ల కాలేజీల్లో ఒకటే ప్రశ్న... ‘ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది?’ కోర్సుకు డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సిన ఫిజిక్స్‌ ఒకటుంది. దాని పేరు లోకలైజేషన్‌. నేర్చుకోవడానికి ఒక ల్యాప్‌టాప్‌, కొన్ని ఆదివారాలు చాలు.

అమరావతిలో ఏర్పాటయ్యే క్వాంటమ్‌ వేలీ టెక్‌ పార్కులో 156 క్యూబిట్ల హెరాన్‌ ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటమ్‌ సిస్టమ్‌ టూ యంత్రాన్ని పెట్టబోతున్నట్లు 2025 మేలో ప్రకటన వచ్చింది. ఐబీఎం, టీసీఎస్‌ సంస్థలు, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం కలిసి చేసిన ప్రకటన అది. ఆ తర్వాత ఏమైందో మీకూ తెలుసు. ఫోన్‌ తెరిస్తే చాలు, ‘మూడు నెలల్లో క్వాంటమ్‌ ఇంజినీర్‌’ అనే ప్రకటనలే.

ఇలాంటి కోర్సు ఒకటి నేనూ చేశాను. పేరు అనవసరం. ఫీజు రూ.40 వేలు. సర్టిఫికెట్‌ వచ్చింది, లింక్డిన్‌లో పెట్టుకున్నాను, లైకులూ వచ్చాయి. ఆ తర్వాత ఒక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఇది: ‘లోహాన్ని పలుచటి పొరలా చేసి చల్లబరుస్తూ పోతే రెసిస్టెన్స్‌ ఏమవుతుంది?’ తగ్గుతుందని చెప్పాను. ‘చివరిదాకా తగ్గుతూనే ఉంటుందా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటర్వ్యూ దాదాపు అక్కడే అయిపోయింది.

2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. అంటే రూ.40 వేల ఫీజు ఇంచుమించు ఐదు క్వింటాళ్ల పత్తి డబ్బు. మన జిల్లాల్లో చాలామంది ఇళ్లలో ఫీజులు వచ్చేది పత్తి, మిర్చి డబ్బుల్లోంచే కాబట్టి ఈ లెక్క చెబుతున్నా. ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ పైసా ఖర్చు లేకుండా అర్థం చేసుకుందాం. ఆ తర్వాత కోర్సుల సంగతి.

బోదెలో ఇటుకలు

లోహంలో కరెంటు ఎలా పారుతుందని అడిగితే ఇంటర్‌లో ఏం రాశాం? ఎలక్ట్రాన్లు అణువులను ఢీకొంటూ ముందుకెళ్తాయని. ఎన్ని ఎక్కువసార్లు ఢీకొంటే అంత రెసిస్టెన్స్‌. కానీ ఎలక్ట్రాన్‌ గోళీ కాదు, అల కూడా. 1928లో ఫెలిక్స్‌ బ్లాక్‌ ఒక విషయం చూపించారు. నిలువుగా, అడ్డంగా అచ్చు తోలి మొక్కలు పెట్టిన పత్తి చేనులా అణువులన్నీ సమాన దూరాల్లో ఉంటే ఎలక్ట్రాన్‌ అల వాటి మధ్య నుంచి అడ్డు లేకుండా సాగిపోతుంది. రెసిస్టెన్స్‌ వచ్చేది అణువులు ఉన్నందుకు కాదు. వాటి అమరికలో తేడాలు ఉన్నందుకు, వేడికి అవి కంపిస్తున్నందుకు. అమరికలోని ఈ తేడాలనే డిజార్డర్‌ అంటారు.

మరి డిజార్డర్‌ పెరిగే కొద్దీ రెసిస్టెన్స్‌ మెల్లగా పెరుగుతూ పోతుందా? అందరూ అలాగే అనుకున్నారు. 1958లో అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న ఫిలిప్‌ ఆండర్సన్‌ కాదన్నారు. ఒక హద్దు దాటాక ఎలక్ట్రాన్‌ నెమ్మదించడం కాదు, పూర్తిగా ఆగిపోతుందని లెక్కగట్టారు. అదే ఆండర్సన్‌ లోకలైజేషన్‌. 1977లో నెవిల్‌ మాట్‌, జాన్‌ వాన్‌ వ్లెక్‌లతో కలిసి ఆయన ఫిజిక్స్‌ నోబెల్‌ అందుకున్నారు.

ఎలా ఆగుతుంది? సాగర్‌ కుడి కాలువ నుంచి పొలంలోకి వచ్చే సన్నటి బోదెను ఊహించుకోండి. అందులో ఎడాపెడా దూరాల్లో ఇటుకలు పడి ఉన్నాయి. ఒక్కో ఇటుక చిన్నదే, దేనికదే అలను ఆపలేదు. ఈ చివర చేత్తో తట్టి ఒక అల పుట్టిస్తే ప్రతి ఇటుక దగ్గరా కొంచెం వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగొచ్చిన అలలు మిగతా ఇటుకలకు తగిలి మళ్లీ తిరుగుతాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసి, ముందుకెళ్లే అలను అడుగడుగునా చంపేస్తాయి. రాపిడితో శక్తి పోవడం వేరే సంగతి, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు. శక్తి ఎక్కడికీ పోలేదు, బయల్దేరిన చోటి చుట్టుపక్కలే చిక్కుకుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఎలక్ట్రాన్‌ ఏదో గుంతలో పడి ఆగిపోలేదు. ప్రతి అడ్డంకినీ దాటే శక్తి దానికి ఉంది. అయినా ఆగిపోయింది. కారణం ఇంటర్‌ఫియరెన్స్‌. అందుకే ఇది ఎలక్ట్రాన్లకే పరిమితం కాదు. కాంతికి, శబ్దానికి కూడా వర్తిస్తుంది. 2008లో ఫ్రాన్స్‌లో రుబీడియం, ఇటలీలో పొటాషియం అణువులను అతి చల్లగా చేసి, అణువుల అలలు కూడా ఇలాగే ఆగిపోవడాన్ని నేరుగా చూశారు.

తేడా ఎంతో అంకెల్లో చూద్దాం. ఓమ్‌ సూత్రం ప్రకారం తీగ పొడవు పది రెట్లయితే రెసిస్టెన్స్‌ పది రెట్లవుతుంది. లోకలైజేషన్‌ ఉన్న తీగలో అలా కాదు. ప్రతి 100 నానోమీటర్లకు దాటే అవకాశం సగమవుతుందనుకుందాం. పది రెట్ల దూరానికి, అంటే ఒక మైక్రాన్‌కు, మిగిలేది 1,024లో ఒక వంతు. రెండు మైక్రాన్లకైతే పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ.

పోగు, బట్ట, బేలు

ఇక అసలు విషయం. ఎలక్ట్రాన్‌ తిరిగే చోటు ఒక డైమెన్షనా, రెండా, మూడా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. దూదినే తీసుకోండి. నూలు పోగు ఒక డైమెన్షన్‌, బట్ట రెండు, జిన్నింగ్‌ మిల్లు నుంచి వచ్చే బేలు మూడు. నానో తీగలు పోగు లాంటివి. గ్రాఫీన్‌, ట్రాన్సిస్టర్‌లోని సన్నటి ఎలక్ట్రాన్‌ పొర బట్ట లాంటివి. రాగి దిమ్మె బేలు లాంటిది.

1979లో అబ్రహామ్స్‌, ఆండర్సన్‌, లిచ్చార్డెల్లో, రామకృష్ణన్‌ కలిసి నాలుగు పేజీల పేపర్‌ రాశారు. ఫిజిక్స్‌ వాళ్లు ఈ నలుగురినీ సరదాగా ‘గ్యాంగ్‌ ఆఫ్‌ ఫోర్‌’ అంటారు. టి.వి.రామకృష్ణన్‌ మనవారే. బెనారస్‌ హిందూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశారు. ఐఐటీ కాన్పూర్‌ నుంచి సెలవు మీద ప్రిన్స్‌టన్‌లో ఉన్నప్పుడు వచ్చిన పేపర్‌ ఇది. అందులో తేల్చింది ఏమిటంటే... మూడు డైమెన్షన్లలో డిజార్డర్‌ తక్కువైతే కరెంటు పారుతుంది, ఎక్కువైతే ఆగుతుంది. ఒకటి, రెండు డైమెన్షన్లలో మాత్రం డిజార్డర్‌ కొంచెం ఉన్నా చాలు, సున్నా ఉష్ణోగ్రత దగ్గర, నమూనా తగినంత పెద్దదైతే ఎలక్ట్రాన్‌ ఆగి తీరుతుంది.

ఎందుకలా? పత్తి చేలో ఒక మనిషి ప్రతి మొక్క దగ్గరా బొమ్మా బొరుసూ వేసుకుంటూ దిక్కు మారుస్తున్నాడనుకోండి. ఎప్పటికైనా బయల్దేరిన చోటికి తిరిగొస్తాడా? ఒకే సాలులో అయినా, చేనంతా తిరిగినా తప్పకుండా వస్తాడని 1921లో జార్జ్‌ పోల్యా నిరూపించారు. పైకీ కిందికీ కూడా వెళ్లగలిగితే మాత్రం తిరిగొచ్చే అవకాశం 34 శాతమే. ఎలక్ట్రాన్‌ అల కాబట్టి ఇంకో మెలిక ఉంది. తిరిగొచ్చే ప్రతి దారినీ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు... రెండు రకాలుగా చుట్టి రావచ్చు. రెండు దారుల పొడవూ ఒకటే కాబట్టి రెండు అలలూ కలిసి బలపడతాయి. దీంతో తిరిగొచ్చే అవకాశం రెట్టింపవుతుంది. తిరిగి రావడం తప్పని చోట, ఆ అవకాశం ఇంకా పెరిగితే ముందుకెళ్లేదెక్కడ?

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఫలితం ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను, అయస్కాంత క్షేత్రాన్ని, స్పిన్‌-ఆర్బిట్‌ ప్రభావాన్ని పక్కన పెట్టి చెప్పింది. 1994లో క్రావ్‌చెంకో బృందం కొన్ని సిలికాన్‌ నమూనాల్లో రెండు డైమెన్షన్లలోనూ లోహంలాంటి ప్రవర్తన చూసింది. దాని మీద చర్చ చాలా ఏళ్లు నడిచింది. ఇంటర్వ్యూలో ఈ షరతులు కూడా చెప్పగలిగితే మీరు నిజంగా చదివారని ఎదుటివారికి అర్థమవుతుంది.

మరి ఇంట్లో వైరు ఎందుకు ఆగదు?

మంచి ప్రశ్న. మొదటిది, ఇంట్లో రాగి తీగ ఎంత సన్నదైనా ఎలక్ట్రాన్‌ లెక్కలో అది బేలే, మూడు డైమెన్షన్ల వస్తువు. రెండోది, గది ఉష్ణోగ్రతలో అణువులు కంపిస్తుంటాయి. ఆ తాకిడికి ఎలక్ట్రాన్‌ అల తన లయను చాలా తక్కువ దూరంలోనే మర్చిపోతుంది. లయ లేకపోతే ఇంటర్‌ఫియరెన్స్‌ లేదు, అది లేకపోతే లోకలైజేషన్‌ లేదు. ఒకచోట చిక్కిన ఎలక్ట్రాన్‌ కూడా ఈ కంపనాల శక్తి తీసుకుని ఇంకో చోటికి గెంతగలదు. ఈ గెంతుల సూత్రాన్ని 1968లో మాట్‌ రాశారు.

అందుకే ఈ ప్రయోగాలకు అతి చల్లదనం కావాలి. ఇప్పుడు నన్ను అడిగిన ప్రశ్నకు వద్దాం. పలుచటి లోహపు పొరను చల్లబరిస్తే మొదట కంపనాలు తగ్గి రెసిస్టెన్స్‌ తగ్గుతుంది. ఇంకా చల్లబరిస్తే, అది సూపర్‌కండక్టర్‌ కాని పక్షంలో, ఒక చోట తగ్గడం ఆగి మళ్లీ మెల్లగా, లాగరిథమ్‌ లెక్కన పెరగడం మొదలవుతుంది. 1979లోనే డోలన్‌, ఓషెరాఫ్‌ బంగారం-పల్లాడియం పొరల్లో ఈ పెరుగుదల చూశారు. ఇప్పుడు పొరకు నిలువుగా చిన్న అయస్కాంత క్షేత్రం పెట్టండి. రెండు దారుల అలల మధ్య లయ తప్పి రెసిస్టెన్స్‌ తగ్గుతుంది. ఇది జరిగితే కారణం ఇంటర్‌ఫియరెన్సే అని గట్టిగా చెప్పొచ్చు. రెండు ముక్కల్లో జవాబు ఇదే. నాకు తెలియడానికి ఆ ఇంటర్వ్యూ తర్వాత ఏడాది పట్టింది.

అమరావతి యంత్రంతో లంకె

‘ఇది పాత ఫిజిక్స్‌ కదా, క్వాంటమ్‌ కంప్యూటర్‌కు ఎందుకు?’ అనిపించొచ్చు. ఐబీఎం వాడే క్యూబిట్లు ట్రాన్స్‌మాన్‌ రకానివి. ఇవి సూపర్‌కండక్టర్‌తో చేసిన చిన్న సర్క్యూట్లు. సున్నాకు అతి దగ్గరగా, కెల్విన్‌లో వందో వంతు స్థాయికి చల్లబరిస్తేనే పనిచేస్తాయి. ఇలాంటి సర్క్యూట్లలో క్వాంటమ్‌ ప్రవర్తనను 1980ల్లోనే చూపించిన జాన్‌ క్లార్క్‌, మిషెల్‌ డెవోరే, జాన్‌ మార్టినిస్‌లకు 2025 ఫిజిక్స్‌ నోబెల్‌ వచ్చింది.

పక్కపక్కనే ఉన్న క్యూబిట్లన్నీ అచ్చం ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఒకదానికి ఇచ్చిన శక్తి పక్కవాటిలోకి జారిపోతుంది. సమాచారం చెదిరిపోతుంది. ఫ్రీక్వెన్సీలు కొంచెం కొంచెం తేడాగా ఉంటే ఆ శక్తి ఉన్నచోటే ఉంటుంది. అంటే లోకలైజేషన్‌ ఇక్కడ కాపలాదారు! 2022లో జర్మనీలోని కొలోన్‌, యూలిష్‌ పరిశోధకులు నేచర్‌ కమ్యూనికేషన్స్‌లో ఇదే కోణంలో లెక్కలు వేశారు. తేడాలు మరీ తగ్గి, క్యూబిట్ల మధ్య బంధం పెరిగితే వ్యవస్థ గందరగోళంలోకి జారే ప్రమాదం ఉందని చూపించారు. హెరాన్‌లో క్యూబిట్ల మధ్య ట్యూనబుల్‌ కప్లర్లు పెట్టడం వల్ల అవసరం లేనప్పుడు ఆ బంధాన్ని దాదాపు ఆపేయొచ్చు.

రెండో లంకె, చిప్‌లోని ఆక్సైడ్‌ పొర. దానిలో అణువులు సాళ్లలో ఉండవు, అడ్డదిడ్డంగా ఉంటాయి. కొన్ని అణువులు రెండు స్థానాల మధ్య ఊగిసలాడుతూ క్యూబిట్‌ శక్తిని లాగేసుకుంటాయి. గాజు లాంటి పదార్థాల్లో ఈ ఊగిసలాటకు 1972లో నమూనా ఇచ్చిన వారిలో మళ్లీ ఆండర్సనే ఉన్నారు, హాల్పెరిన్‌, భారత్‌లో పుట్టిన చంద్ర వర్మలతో కలిసి.

ల్యాప్‌టాప్‌లోనే ప్రయోగం

లోకలైజేషన్‌ను కంటితో చూడటానికి చల్లటి ల్యాబ్‌ అక్కర్లేదు. పైథాన్‌, నమ్‌పై ఉంటే చాలు, రెండూ ఉచితం.

* 1000 వరసలు, 1000 నిలువుల మ్యాట్రిక్స్‌ తీసుకోండి. ఒక్కో వరస ఒక్కో అణువు. పక్కపక్క అణువులను కలిపే చోట్ల మైనస్‌ 1 వేసి, మిగతావన్నీ సున్నా చేయండి.
* ప్రధాన వికర్ణంలో డిజార్డర్‌ వేయండి. దాని బలం డబ్ల్యూ అనుకుంటే, మైనస్‌ డబ్ల్యూ బై 2 నుంచి ప్లస్‌ డబ్ల్యూ బై 2 మధ్య యాదృచ్ఛిక సంఖ్యలు పెట్టాలి.
* ఐగెన్‌ వెక్టర్లు కనుక్కోండి. ప్రతిదానిలో ఒక్కో విలువను నాలుగో ఘాతానికి పెంచి, అన్నీ కూడి, ఆ మొత్తంతో 1ని భాగించండి. ఎలక్ట్రాన్‌ ఎన్ని అణువుల మీద పరుచుకుందో ఇది చెబుతుంది.

డబ్ల్యూ సున్నా అయితే దాదాపు 667 వస్తుంది. వెయ్యి రాలేదని కంగారు పడొద్దు. రెండు చివరలూ మూసి ఉన్న గొలుసులో అల సైన్‌ ఆకారంలో ఉంటుంది కాబట్టి మూడింట రెండు వంతులే రావాలి. ఎందుకో కాగితం మీద మీరే రాబట్టండి, అదొక మంచి లెక్క. ఇప్పుడు డబ్ల్యూను 1 చేయండి. బ్యాండ్‌ మధ్యలో లోకలైజేషన్‌ పొడవు 100 అణువులకు దగ్గరగా పడిపోతుంది. 2 చేస్తే దాదాపు పాతిక. డిజార్డర్‌ రెట్టింపైతే పొడవు నాలుగో వంతవుతుందన్నమాట. కనీసం 50 వేర్వేరు యాదృచ్ఛిక నమూనాలు తీసుకుని సగటు చూడండి. ఆ తర్వాత ‘క్వాంట్‌’ అనే ఉచిత పైథాన్‌ ప్యాకేజీతో రెండు డైమెన్షన్ల నమూనాలూ చేయొచ్చు. ఈ కోడ్‌, రెండు గ్రాఫులు, ఒక పేజీ వివరణ గిట్‌హబ్‌లో పెడితే అదే మీ ప్రాజెక్టు.

ఎక్కడ చదవొచ్చు?

బీఎస్సీ వాళ్లకు: ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్‌ పీహెచ్‌డీకి జామ్‌ ఫిజిక్స్‌ పేపర్‌ రాయాలి. హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ. ఆచార్య నాగార్జున, ఆంధ్రా విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్‌. కండెన్స్‌డ్‌ మ్యాటర్‌ స్పెషలైజేషన్‌ ఉందో లేదో ముందే చూసుకోండి.

బీటెక్‌ వాళ్లకు: ఈసీఈ, ఈఈఈ, మెటలర్జీ... ఏ బ్రాంచి అయినా దారి ఉంది. ఐఐఎస్సీ బెంగళూరు 2021లో క్వాంటమ్‌ టెక్నాలజీలో ఎంటెక్‌ ప్రారంభించింది. ఐఐటీల్లో మైక్రోఎలక్ట్రానిక్స్‌, వీఎల్‌ఎస్‌ఐ ఎంటెక్‌లకు గేట్‌ స్కోరు కీలకం. ఇంకా చదువుతున్నవారు క్వాంటమ్‌ టెక్నాలజీస్‌లో మైనర్‌ కోర్సు తమ కాలేజీలో ఉందేమో అడగండి. ఏఐసీటీఈ దీనికి నమూనా సిలబస్‌ ఇచ్చింది.

పరిశోధన వైపు: సీఎస్‌ఐఆర్‌ నెట్‌, గేట్‌, జెస్ట్‌. జేఆర్‌ఎఫ్‌ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, దానికి అదనంగా ఇంటి అద్దె భత్యం. ఇంట్లో ‘పీహెచ్‌డీ అంటే ఇంకా చదువేనా?’ అంటే ఈ అంకె చెప్పండి.

ల్యాబ్‌ చూడాలంటే: ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల నానోఎలక్ట్రానిక్స్‌ ల్యాబులను బయటి విద్యార్థులకు, అధ్యాపకులకు తెరిచే ఇనప్‌ అనే కేంద్ర కార్యక్రమం ఉంది. శిక్షణ శిబిరాలూ నిర్వహిస్తారు. సైన్స్‌ అకాడమీల సమ్మర్‌ ఫెలోషిప్‌లు కూడా మన ఊరి కాలేజీల నుంచి వెళ్లేవారికి మంచి అవకాశం.

ఉద్యోగాల సంగతి?

నిజం చెప్పుకుందాం. ‘లోకలైజేషన్‌ ఇంజినీర్‌ కావలెను’ అని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. క్వాంటమ్‌ రంగంలో కొలువులు ఇప్పటికి తక్కువ, వాటిలో చాలావాటికి ఎంటెక్‌ లేదా పీహెచ్‌డీ అడుగుతారు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో రూ.6,003.65 కోట్లతో నేషనల్‌ క్వాంటమ్‌ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద కంప్యూటింగ్‌కు ఐఐఎస్సీ, కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాస్‌, సెన్సింగ్‌కు ఐఐటీ బాంబే, మెటీరియల్స్‌కు ఐఐటీ దిల్లీ కేంద్రాలుగా ఉన్నాయి. ముందుగా ప్రాజెక్టు అసోసియేట్‌ లాంటి అవకాశాల కోసం చూడాల్సింది ఇలాంటి చోట్లే.

ఈ చదువు పనికొచ్చే పనులు మాత్రం చాలానే ఉన్నాయి. సెమీకండక్టర్‌ కంపెనీల్లో డివైజ్‌ మోడలింగ్‌, టీక్యాడ్‌ సిమ్యులేషన్‌, పలుచటి పొరల తయారీ, వాటి పరీక్ష. క్వాంటమ్‌ హార్డ్‌వేర్‌లో అతి చల్లటి కొలతలు, మైక్రోవేవ్‌ ఎలక్ట్రానిక్స్‌. ఇవేవీ దొరక్కపోయినా మ్యాట్రిక్సులు, యాదృచ్ఛిక సంఖ్యలు, సిమ్యులేషన్‌ మీద పట్టు డేటా సైన్స్‌ ఇంటర్వ్యూల్లో అక్కరకొస్తుంది. ఏఐ, కోడింగ్‌ సాధనాలు ఎంత మారినా లీనియర్‌ ఆల్జీబ్రా మారదు.

డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు

ఏ కోర్సువాళ్లు ఫోన్‌ చేసినా ఈ మూడూ అడగండి. పాఠం చెప్పేవారు ఈ రంగంలో ఏం పనిచేశారు? కోర్సు అయ్యేసరికి నేను సొంతంగా చేసిన ఏ పని చూపించగలను? ఇదే సిలబస్‌ ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరకదా? మూడింటికీ సూటిగా జవాబు వస్తే అప్పుడు ఆలోచించండి. ‘ఈ రోజే కడితే డిస్కౌంట్‌’ అన్న మాట వస్తే ఫోన్‌ పెట్టేయండి.

ఈ ఆదివారం పని ఒకటే. వెయ్యి అణువుల గొలుసు రాసి, డబ్ల్యూ సున్నా దగ్గర 667 వస్తుందో లేదో చూడండి. వస్తే డబ్ల్యూ పెంచండి. రాకపోతే తప్పు ఎక్కడుందో వెతకండి. ఆ వెతుకులాటలో నేర్చుకున్నది ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు కూడా నిలబడుతుంది.